బడికి దూరంగా బీఎడ్: మాదన్నపేట నుంచి చూస్తే

హైదరాబాద్ పాతబస్తీలోని మాదన్నపేటలో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి టీచర్ కావాలనుకుంటే ఇవాళ ఆమె ముందు నాలుగు దారులున్నాయి. డీసెట్ రాసి రెండేళ్ల డీఎడ్‌లో చేరవచ్చు. డిగ్రీ ముగించి, ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఎడ్ చదవవచ్చు. జాతీయ ప్రవేశపరీక్ష రాసి, డిగ్రీనీ బీఎడ్‌నూ కలిపిన నాలుగేళ్ల సమీకృత కోర్సుకు వెళ్లవచ్చు. ఇవేవీ కుదరకపోతే, డిగ్రీ చదువుతూనే వీధి చివరి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టవచ్చు. మొదటి మూడు దారుల గురించి కమిషన్లు నివేదికలిచ్చాయి, కోర్టులు తీర్పులిచ్చాయి, ప్రభుత్వాలు జీవోలిచ్చాయి. పాతబస్తీ పిల్లల్లో చాలామందికి అక్షరం నేర్పుతున్నది మాత్రం నాలుగో దారిన వచ్చిన టీచర్లే.

ఉపాధ్యాయ విద్య మీద మన చర్చంతా ఇన్నేళ్లుగా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. కోర్సు ఎన్నేళ్లుండాలి? ఏ పరీక్ష పాసైతే అర్హత వస్తుంది? కాబోయే టీచర్ ఏ బడిలో, ఏ పిల్లల మధ్య, ఎవరి పర్యవేక్షణలో పని నేర్చుకుంటారన్నది మూడో ప్రశ్న. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. దీన్ని పక్కన పెట్టినందువల్లే మిగతా రెండు ప్రశ్నలకు ఎన్ని జవాబులు దొరికినా తరగతి గది మారలేదు.

తరగతి గదే నేర్పిన పాఠాలు

తెలుగునాట చదువు గురించి వచ్చిన పెద్ద ఆలోచనలు బడిలోంచే పుట్టాయి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాషను తాను నేర్చుకుని, అందులో వాచకాలు తయారుచేసి, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించారు. 1906-07 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్, పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో చదివే తెలుగుకూ అంత ఎడం ఎందుకుందని అడిగారు. ఆ ప్రశ్న చుట్టూ గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ చేరారు. వ్యావహారిక భాషోద్యమం అట్లా మొదలైంది. సాహిత్య చరిత్రలో మనం గొప్పగా చెప్పుకునే ఆ ఉద్యమానికి మూలం, తరగతి గదిలో పిల్లలకు పాఠం అర్థం కావడం లేదన్న ఒక ఉపాధ్యాయ సమస్య.

హైదరాబాద్ రాజ్యంలో కథ వేరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యనంతా ఉర్దూలో బోధించింది. అందుకోసం అంతకు ముందే, 1917లో, అనువాద సంస్థను ఏర్పాటుచేశారు. ఒక దేశభాషలో వైద్యం, ఇంజినీరింగ్ దాకా చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయత్నమది. అదే నగరంలో 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెడితే గుర్తింపు దొరకలేదు. పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకుని నడపాల్సి వచ్చింది. బడిలో ఏ భాష ఉండాలో, ఆ భాషలో చెప్పగలవారిని ఎవరు తయారుచేయాలో హైదరాబాద్ నూరేళ్లుగా తేల్చుకోలేకపోతోంది. గోల్కొండ పాలకుడు తానీషా మంత్రి మాదన్న పేరు మోస్తూ, ఉర్దూ, తెలుగు ఇళ్లు పక్కపక్కనే ఉండే ఈ పేటలో ఆ ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

ఏళ్లు మారాయి, ఎడం మారలేదు

1964-66 నాటి కొఠారి కమిషన్ ఉపాధ్యాయ శిక్షణలోని జబ్బును సూటిగా గుర్తించింది. శిక్షణ కళాశాలలు విశ్వవిద్యాలయాల విద్యాజీవితానికి దూరమయ్యాయి, బడుల రోజువారీ సమస్యలకు దూరమయ్యాయి, ఒకదానికొకటి కూడా దూరమయ్యాయి అని చెప్పింది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల సమీకృత కోర్సు కావాలని 1983-85 నాటి చటోపాధ్యాయ కమిషన్ సూచించింది. అలాంటి కోర్సు మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థలో 1963 నుంచే నడుస్తోంది. తెలుగు విద్యార్థులు కూడా అక్కడ సీటు తెచ్చుకుని బీఎస్సీ బీఎడ్ చదివి వస్తున్నారు. 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా జిల్లాకొక డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వచ్చింది. హైదరాబాద్ జిల్లా డైట్ నేరెడ్‌మెట్‌లో ఉంది. మాసాబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ ఉన్నత విద్యా అధ్యయన సంస్థ ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో విశ్వవిద్యాలయ విద్యా కళాశాల ఉంది.

ఉపాధ్యాయ విద్యను గాడిలో పెట్టడానికి 1993 చట్టంతో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఏర్పడింది. కానీ ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో జరిగింది ప్రధానంగా ప్రైవేటు కాలేజీల విస్తరణ. శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రభుత్వేతర రంగంలోనే ఉన్నాయని 2012లో జస్టిస్ వర్మ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక తర్వాత వచ్చిన 2014 నిబంధనలతో 2015-16 నుంచి ఏడాది బీఎడ్ రెండేళ్లయింది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసి, 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఎడ్ కనీస అర్హత కావాలంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఆ కోర్సును చేపట్టిన సంస్థల్లో ఒకటి. ఇంతలో 2025 ఫిబ్రవరిలో విడుదలైన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ముసాయిదా, నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ చేసినవారికి ఏడాది బీఎడ్‌ను మళ్లీ తెస్తామంది.

ఏడాది, రెండేళ్లు, నాలుగేళ్లు, మళ్లీ ఏడాది. ఇన్ని మార్పుల్లోనూ కొఠారి కమిషన్ చెప్పిన రెండో మాట, కాలేజీకీ బడికీ మధ్య దూరం, అట్లాగే ఉండిపోయింది.

కాలేజీలో ఏం జరుగుతోంది?

కాగితం మీద రెండేళ్ల బీఎడ్ మంచి కోర్సే. విద్యా తాత్విక పునాదులు, శిశు మనస్తత్వం, మూల్యాంకనం, రెండు బోధనా పద్ధతులు, సమ్మిళిత విద్య ఇందులో ఉంటాయి. ఛాత్రోపాధ్యాయులు మొదట మైక్రో టీచింగ్ చేస్తారు. తోటి విద్యార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టి, ప్రశ్నించడం, నల్లబల్ల వాడకం, ఉదాహరణలివ్వడం వంటి ఒక్కో నైపుణ్యాన్ని ఐదారు నిమిషాల పాఠంలో సాధన చేస్తారు. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన పద్ధతి ఇది. ఆ తర్వాత బడికి వెళ్లాలి. 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో మొత్తం 20 వారాలు బడిలో గడపాలి. అందులో 16 వారాలు రెండో ఏట ఇంటర్న్‌షిప్.

ఆ 16 వారాలూ నిజంగా జరిగితే చాలు, బీఎడ్ రూపమే మారిపోతుంది. నాలుగు నెలలు ఒకే తరగతితో గడిపినప్పుడే భాగహారం దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఎక్కడ ఆగాడో తెలుస్తుంది. పాఠం మొదలుపెట్టగానే చెయ్యెత్తే ఐదుగురిని దాటి, వెనక బెంచీల్లోని ముప్పైమందిని చూడటం అలవాటవుతుంది. పీరియడ్ ప్లాన్ రాసుకున్నట్టు పీరియడ్ ఎందుకు నడవదో అర్థమవుతుంది. ఇవి పుస్తకంలో దొరికేవి కావు.

కానీ చాలా కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ ఒక ఉత్తరంతో మొదలై ఒక సంతకంతో ముగుస్తోంది. విద్యార్థి తనకు దగ్గర్లోని బడిని తానే వెతుక్కుంటాడు. హెడ్మాస్టర్ ఖాళీ పీరియడ్లు అప్పగిస్తారు. కాలేజీ నుంచి లెక్చరర్ ఎప్పుడో ఒకసారి వస్తారు, కొన్నిచోట్ల అసలు రారు. లెసన్ ప్లాన్ రికార్డులు, చార్టులు డబ్బిచ్చి రాయించుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. కాలేజీకి రానక్కర్లేని 'నాన్-అటెండింగ్' సీటు అన్న మాట బీఎడ్ అడ్మిషన్ల దగ్గర అందరికీ తెలిసిందే. క్లాసుకు వెళ్లకుండా టీచర్ అయినవారు పిల్లలను క్రమం తప్పకుండా బడికి రమ్మని ఏ నోటితో చెప్పగలరు?

తప్పంతా విద్యార్థులదో, ప్రైవేటు యాజమాన్యాలదో అనలేం. ప్రభుత్వ డైట్లలోనే లెక్చరర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఉన్న కొద్దిమంది క్లాసు చెప్పాలా, బడులకు వెళ్లి ఛాత్రోపాధ్యాయులను చూడాలా, ఉద్యోగంలో ఉన్న టీచర్లకు శిక్షణలు నడపాలా? బోధనాసుపత్రి లేకుండా వైద్య కళాశాలకు అనుమతి రాదు. బడి లేకుండా బీఎడ్ కాలేజీ నడవగలదు. ఈ తేడాను మనం సహజమనుకున్నాం, పొరపాటు అక్కడే జరిగింది.

పాతబస్తీ బడిలో టీచర్ ఎవరు?

2003 తర్వాత జేమ్స్ టూలీ అనే బ్రిటిష్ పరిశోధకుడి బృందం పాతబస్తీలోని బండ్లగూడ, బహదూర్‌పుర, చార్మినార్ మండలాల్లో ఇంటింటా, గల్లీగల్లీలో బడులను లెక్కపెట్టింది. మొత్తం 918 బడులు తేలాయి. వాటిలో ప్రభుత్వానివి 35 శాతం, ఎయిడెడ్ 5 శాతం. మిగిలిన 60 శాతం ప్రైవేటువే; మొత్తం బడుల్లో 23 శాతం గుర్తింపు కూడా లేని ప్రైవేటు బడులు. రిక్షా తొక్కేవాళ్లు, కూలిపనులకు వెళ్లేవాళ్లు కూడా ఫీజు కట్టి పిల్లలను ఆ బడులకు పంపుతున్నారని టూలీ లోకానికి చాటారు. అక్కడి టీచర్లు క్రమం తప్పకుండా క్లాసులో ఉంటారు కాబట్టి ఈ నమూనాయే మేలన్నారు. సర్కారు బడి చేసే పని మార్కెట్‌కు అప్పగించడం తప్పని విమర్శకులు అన్నారు.

ఈ వాదంలో రెండు పక్షాలూ ఒక మనిషిని గట్టిగా పట్టించుకోలేదు. ఆ బడిలో చాలీచాలని జీతానికి పనిచేసే టీచర్ ఆమె. ఎక్కువగా అదే బస్తీ అమ్మాయి. ఇంటరో డిగ్రీనో చదివింది. ఇంటికి దగ్గర, పిల్లల మధ్య పని కాబట్టి ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నారు. పిల్లల భాష ఆమెకు వచ్చు, వాళ్ల అమ్మానాన్నలు తెలుసు, ఎవరి ఇంట్లో ఏ కష్టముందో తెలుసు. ఏ శిక్షణ కళాశాలా ఇవ్వలేని పెట్టుబడి ఇది. లేనిదల్లా చదవడం ఎట్లా నేర్పాలో, లెక్కను ఎట్లా విడగొట్టి చెప్పాలో నేర్పే శిక్షణ.

2009 విద్యాహక్కు చట్టం శిక్షణ లేని టీచర్లు ఉండకూడదంది. గడువు 2015 నుంచి 2019 మార్చి దాకా జరిగింది. ఆ వ్యవధిలో జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా దేశమంతటా పది లక్షల మందికి పైగా ఉద్యోగంలో ఉంటూనే డీఎడ్‌లో చేరారు. ఆ 18 నెలల కోర్సు రెగ్యులర్ రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పడంతో చాలామంది అయోమయంలో పడ్డారు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య బీఎడ్ ఉంది గానీ, అది ప్రధానంగా అప్పటికే ప్రాథమిక శిక్షణ పొంది ఉద్యోగంలో ఉన్నవారి కోసం. బస్తీ బడి టీచరమ్మ ఉద్యోగం మానకుండా, ఇల్లు వదలకుండా, గౌరవమున్న శిక్షణ పొందే దారి నేటికీ సరిగ్గా లేదు.

ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చేయాలని అదే ఏడాది 'తొలిమెట్టు' మొదలైంది. ఇంగ్లిష్ కావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనది. కానీ మాదన్నపేట లాంటి చోట ఒకే తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తెలుగు మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు. ఇద్దరికీ పుస్తకంలోని భాష కొత్తదే. ఈ తరగతిని నడపడం ఒక ప్రత్యేక విద్య. ఇంటి భాషను ఆసరాగా చేసుకుని కొత్త భాషలోకి తీసుకెళ్లడం ఎట్లాగో బీఎడ్‌లో సాధన చేయించే ఏర్పాటు మనకు దాదాపు లేదు. ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసం 1958లోనే మొదలైన జాతీయ సంస్థ, నేటి ఇఫ్లూ, ఇదే నగరంలో ఉంది. ఉర్దూలో బోధకులను తయారుచేసే విశ్వవిద్యాలయం ఇదే నగరంలో ఉంది. ఉస్మానియా ఉంది. ఈ మూడింటి విద్యార్థులూ కలిసి పాతబస్తీ బడుల్లో పనిచేసే ఏర్పాటు ఉంటే, బహుభాషా తరగతి గురించి దేశానికి హైదరాబాదే పాఠం చెప్పగలదు.

ఉర్దూ మీడియం నియామకాల్లో మరో చిక్కు ఉంది. రిజర్వేషన్ ప్రకారం కొన్ని కేటగిరీలకు కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఆ వర్గాల్లో ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక, ప్రతి డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష)లోనూ ఖాళీలు మిగిలిపోతున్నాయి. ఒకవైపు టీచర్ లేని తరగతి, మరోవైపు ఉద్యోగం లేని ఉర్దూ బీఎడ్ అభ్యర్థి. రిజర్వేషన్ హక్కుకు భంగం రాకుండా, ఆ వర్గాలకు అదే సంఖ్యలో పోస్టులు ఇతర మాధ్యమాల్లో చూపించి ఈ ముడి విప్పవచ్చు. సంకల్పం ఉండాలి.

నియామకాలు, నిరీక్షణలు

తెలంగాణలో టీచర్ ఉద్యోగం ఎప్పుడూ ఆత్మగౌరవ ప్రశ్నే. 1952 ముల్కీ ఉద్యమం రాజుకున్నది వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాల దగ్గరే. రాష్ట్రం వచ్చాక 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వెలువడింది. 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులతో వచ్చిన ప్రకటన రద్దయి, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది. ఆ అక్టోబరులో పదివేల మందికి పైగా ఆర్డర్లు అందుకున్నారు. జిల్లాలన్నిటిలో ఎక్కువగా 878 పోస్టులు హైదరాబాద్‌వే. అది సంతోషించాల్సిన విషయం. కానీ నియామకాలు జరిగిన రెండు నోటిఫికేషన్ల మధ్య ఆరేళ్లకు పైగా గడిచిపోతే, బీఎడ్ పూర్తిచేసిన యువత పిల్లల దగ్గరికి వెళ్లరు, కోచింగ్ సెంటర్‌కు వెళతారు. నేర్చుకున్న బోధన మరుగునపడి, గుర్తుపెట్టుకోవాల్సిన బిట్లు మిగులుతాయి.

అర్హతల మీద తీర్పులు కూడా జీవితాలను మలుపు తిప్పాయి. ప్రాథమిక తరగతులకు బీఎడ్ వారినీ అనుమతిస్తూ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య అని, దానికి డీఎడ్ శిక్షణే తగినదని ఆ తీర్పు సారం. సూత్రంగా అది సరైన మాట. అయితే 2024 డీఎస్సీలో 6,508 పోస్టులు ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)లవే. ఐదేళ్లు చదివి బీఎడ్ చేసినవారికి ఆ తలుపు మూసుకుంది. ఇంటర్ పూర్తయ్యే నాటికే ఈ తేడా పిల్లలకు చెప్పేవారు బస్తీలో ఎవరున్నారు? 2025 సెప్టెంబరు 1న మరో తీర్పు వచ్చింది. రిటైర్మెంట్‌కు ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలున్న టీచర్లు రెండేళ్లలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాసవ్వాలంది.

టెట్ 150 మార్కుల బహుళైచ్ఛిక పరీక్ష. డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ, మిగతా 80 శాతం మరో రాతపరీక్షకు. విషయం తెలిసిన టీచర్ కావాలి కాబట్టి పరీక్ష అవసరమే. కానీ బుడగలు నింపే పరీక్షలో, ఏడుస్తున్న ఒకటో తరగతి పిల్లను ఊరడించి అక్షరం దిద్దించే నేర్పు ఎక్కడ కనిపిస్తుంది? డెమో పాఠం పెడితే సిఫార్సులకు తావిస్తుందన్న భయం కూడా నిజమే. అందుకే ఆ నేర్పును నియామకం రోజున కాక, శిక్షణ కాలంలో నెలల తరబడి చూడాలి.

ఫిన్‌లాండ్ 1970ల చివర్లో ప్రాథమిక బడి టీచర్‌కు కూడా మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేసింది. ఆ చదువులో భాగంగా విశ్వవిద్యాలయాలు తమ సొంత అభ్యాస పాఠశాలల్లో విద్యార్థులతో పాఠాలు చెప్పిస్తాయి. సింగపూర్ శిక్షణ కాలంలోనే జీతమిస్తుంది. అక్కడి సంపద మనకు లేదు నిజమే. కానీ బడినీ విశ్వవిద్యాలయాన్నీ కలపడానికి కావలసింది సంపదకన్నా ముందు ఒక నిర్ణయం.

ఏం చేయాలి?

ప్రతి బీఎడ్, డీఎడ్ కాలేజీకీ కొన్ని ప్రభుత్వ బడులను శాశ్వతంగా అనుబంధించాలి. ఆ అనుబంధం లేనిదే గుర్తింపు కొనసాగకూడదు. ప్రభుత్వ సంస్థలైన మాసాబ్ ట్యాంక్, నేరెడ్‌మెట్, ఉస్మానియా కళాశాలలు ముందుగా సైదాబాద్, చార్మినార్, బహదూర్‌పుర, బండ్లగూడ మండలాల బడులను ఎంచుకోవాలి. అవసరం ఎక్కువున్న చోటే సాధన కూడా సాగాలి.

ఛాత్రోపాధ్యాయుడికి పని నేర్పే బడి టీచర్‌కు పీరియడ్లు తగ్గించి, ఆ పనిని సర్వీసులో నమోదుచేయాలి. హౌస్ సర్జన్లకు ఇచ్చినట్టే ఇంటర్న్‌షిప్ నెలల్లో స్టైపెండ్ ఇవ్వాలి. బస్సు చార్జీకి వెనకాడే ఇంటి అమ్మాయికి అది చదువు ఆగకుండా చూసే ఆసరా. డైట్ లెక్చరర్ పోస్టులు నింపాలి. డీఎస్సీకి ఏటా ఒక క్యాలెండర్ ఉండాలి. బస్తీల్లోని తక్కువ ఫీజు ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు సాయంత్రాలు, సెలవుల్లో నడిచే గుర్తింపున్న కోర్సును సార్వత్రిక విశ్వవిద్యాలయం రూపొందించాలి. వాళ్లు రోజూ చెప్పే తరగతినే ప్రయోగశాలగా లెక్కించాలి.

టీచర్ కావాలనుకుంటున్న యువతకు ఒక మాట. ఎడ్‌సెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఫీజు, దూరం మాత్రమే అడగకండి. ఏ బడికి పంపుతారు, ఎన్ని వారాలు పంపుతారు, మీ పాఠం చూడటానికి ఎవరు వస్తారు అని అడగండి. జవాబు లేని కాలేజీని వదిలేయండి. నాన్-అటెండింగ్ సీటు ఎంత తేలిగ్గా దొరికినా తీసుకోకండి. ఆ తేలికకు మూల్యం కట్టేది రేపు మీ ముందు కూర్చునే పిల్లలు. వాళ్లలో చాలామందికి ఇంట్లో చదువు చెప్పేవారు ఉండరు. వాళ్లకున్న టీచర్ మీరొక్కరే.